తిక్కయ్య కాలు

ఆదోనికి పడమర, దేవరగట్టు దిక్కు పోయే దారిలో ఒక చిన్న పల్లె ఉంది. ఆ పల్లెలో గొర్రెల తిక్కయ్యను ఎరగనివాళ్ళు లేరు. కానీ ఆయనతో కూర్చుని నిమ్మళంగా నాలుగు మాటలు మాట్లాడినవాళ్ళు కూడా లేరు. తెల్లారేసరికి మందను తోలుకుని గుట్టల్లోకి పోయేవాడు, పొద్దుగూకే వేళకు దొడ్డి చేరేవాడు. భార్య సుంకమ్మ బతికున్నన్నాళ్ళూ ఇంట్లో మాటలన్నీ ఆమే మాట్లాడేది, ఈయన ఊ కొట్టేవాడు. ఆమె జ్వరంతో పోయాక ఆ ఊ కొట్టే పని కూడా లేకుండా పోయింది. ఒక్కగానొక్క కూతురు ఈశ్వరిని సిరుగుప్ప అవతల పల్లెలో ఇచ్చారు. ఆమె ఫోన్ చేసి "తిన్నావా నాయనా" అంటే "తిన్నా" అనేవాడు. "బాగుండావా" అంటే "బాగుండా" అనేవాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

ఉన్న మాటలన్నీ ఆయన గొర్రెలకే ఖర్చు చేసేవాడు. ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి తిట్టేవాడు, బుజ్జగించేవాడు, వాటితో వానల సంగతి చెప్పుకునేవాడు.

ఆ ఏడు చలికాలంలో పల్లె సగం ఖాళీ అయిపోయింది. ఏటా అంతే. ఇంటికి తాళాలేసుకుని, పిల్లాజెల్లాతో గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపడానికి సుగ్గికి పోతారు. ఈశ్వరీ, అల్లుడూ కూడా వాళ్ళ ఊరి గుంపుతో పోయారు. గొర్రెలవాళ్ళకు మాత్రం వేరే దారి. పక్క వీధి బసన్న, తిక్కయ్య కలిసి రెండు మందలనూ తూర్పుగా తోలుకుని, కృష్ణగిరి దిక్కు కోతలైన చేలల్లో మేపుకుంటూ వానలదాకా గడపాలని అనుకున్నారు. ఇంకొక వారంలో బయలుదేరుతారనగా తిక్కయ్య కాలు విరిగింది.

గుట్ట మీద రెండు పెద్ద గుండ్ల నడుమ సందులో ఒక గొర్రెపిల్ల ఇరుక్కుంది. దాని తల్లి పైనుంచి ఒకటే అరుపు. తిక్కయ్య వంగి, ఒక కాలు సందులోకి దింపి, పిల్లను చంకల కింద పట్టుకుని పైకి విసిరాడు. పిల్ల తల్లి దగ్గరికి ఉరికింది. ఆయన కాలు తీసుకోబోయేలోపల అడుగున ఉన్న రాయి పొర్లింది. ఒళ్ళంతా ఒక పక్కకు ఒరిగింది, కాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు తన ఒంట్లోనిదని తెలియడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

ఎట్లనో చేతుల మీద బయటికి పాక్కుంటూ వచ్చి బండకు ఆనుకున్నాడు. మోకాలికీ మడమకూ నడుమ కాలు వంకర తిరిగి ఉంది. వేళ్ళతో తడిమి చూశాడు. ఎన్నో గొర్రెపిల్లల కాళ్ళకు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టిన చేతులవి. రెండు ఎముకలూ విరిగాయని, ఒక మొన మీదికి ఇంకో మొన ఎక్కిందని ఆ చేతులకు తెలిసిపోయింది. అరిచాడు. ఎవరూ పలకలేదు. ఫోన్ తీశాడు. గుండ్ల మధ్య సిగ్నల్ లేదు. తలగుడ్డ విప్పి పీలికలు చేసి, చేతికర్రను కాలికి ఆనించి, పళ్ళు బిగబట్టి కట్టుకున్నాడు. కట్టుకుంటా ఉంటే కళ్ళకు చీకట్లు కమ్మాయి.

గొర్రెలు కాసేపు చుట్టూ మేశాయి. లేవమన్నట్టు ఒకటి రెండు వచ్చి ఆయన చెయ్యి వాసన చూశాయి. పొద్దు వాలేసరికి, అలవాటైన వేళ కాబట్టి, వాటంతట అవే ఇంటిదారి పట్టాయి. "పోవద్దే, ఉండండే" అన్నాడు గొంతు పోయేదాకా. గంట మోగుతున్న పొట్టేలు ముందు, తక్కినవన్నీ వెనక, గుట్ట మలుపు తిరిగి పోయాయి. బతుకులో అంత ఒంటరిగా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. సుంకమ్మను పూడ్చిపెట్టి వచ్చిన దినం కూడా దొడ్డి నిండా గొర్రెలుండె.

మనిషి లేకుండా మంద ఊళ్ళోకి రావడం బసన్న చూశాడు. ఇంకో ఇద్దరిని వెంటేసుకుని, వెలుతురుండగానే గుట్టెక్కి కేకలు పెట్టాడు. తిక్కయ్య రాయితో రాయిని కొట్టి చప్పుడు చేశాడు.

"అన్నా! ఎంతపనాయె అన్నా! పా, కట్టు కట్టేటాయన దగ్గరికి తీస్కపోతాను" అన్నాడు బసన్న.

"వద్దప్పా. గొర్రెపిల్లకయితే నేనే కట్టేవాణ్ణి. ఇది అట్లా కుదిరేది కాదు. ఆదోనికి తీస్కపో" అన్నాడు తిక్కయ్య.

ఆదోని ఆసుపత్రిలో కాలికి ఎక్స్‌రే ఫోటో తీశారు. డాక్టరు కోస్తా దిక్కు కుర్రాడు, ఈ మధ్యనే వచ్చినట్టున్నాడు. పేరడిగి, తిక్కయ్య అనగానే 'తిక్క' అన్న మాటకు నవ్వు ఆపుకున్నాడు. కర్ర కట్టు విప్పుతూ "ఎవరు కట్టారిది?" అన్నాడు.

"నేనే సార్."

"కాలు కదలకుండా మంచి పని చేశావు. కానీ పెద్దాయనా, పిండికట్టుతో ఇది నిలబడదు. మోకాలి దగ్గర చిన్న కోత పెట్టి, ఎముక లోపల పైనుంచి కిందిదాకా రాడ్డు దించాలి. పైనా కిందా స్క్రూలు వేస్తాం. వాపు తగ్గితేగానీ చెయ్యలేం. అప్పటిదాకా ఇక్కడే ఉండు."

మర్నాడు బసన్న మంచం పక్కన నిలబడి కాళ్ళు మార్చుకుంటా ఉన్నాడు. పోవాలని ఉంది, అడగలేకపోతున్నాడు. తిక్కయ్యే అన్నాడు: "నువ్వు పోప్పా. ఈడ నువ్వుండి సేసేదేముండాది? నా గొర్రెల్ని గూడా నీ మందలో కలుపుకోని తోలుకపో. మేతలేక సస్తాయి."

"నీకెవురన్నా?"

"నాకేమి, మంచముండాది."

ఆ సాయంత్రం ఈశ్వరి ఫోన్ చేసింది. వెనకనుంచి చేలల్లో ఆడవాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి. "యాడుండావు నాయనా, ఏందో సద్దులు వినపడతాండాయి?" అనడిగింది. "ఆదోనిలో ఉండా. కాలు రవ్వంత మెలిక పడింటే సూపిచ్చుకుందామని వచ్చినా" అన్నాడు. పని మధ్యలో వదిలి ఆమె ఎందుకు పరిగెత్తి రావాల అనుకున్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

వార్డులో ఎటు చూసినా మనుషులే. ఆయన పుట్టి బుద్ధెరిగాక అంతమంది మధ్య పడుకోలేదు. ప్రతి మంచం కిందా ఒక చాప, చాప మీద ఒక తల్లో, పెళ్ళామో, తమ్ముడో. ఈయన మంచం కింద చెప్పులు మాత్రమే ఉన్నాయి. వాటిలో కూడా ఒకటే. రెండోది గుట్ట మీదే పోయింది.

పక్క మంచం శ్రీపాదరావుది. మంత్రాలయంలో వంటలు చేసే ఆయన. నది మెట్ల మీద జారి ముంజేయి విరగ్గొట్టుకుంటే, లోపల ప్లేటు వేశారు. ఆయన భార్య మీనాక్షమ్మ పొద్దున్నే ఊళ్ళో చుట్టాలింట్లో వండుకుని క్యారియర్ తెచ్చి, భర్తకు ఎడమచేతికి ముద్దలు అందించేది. తర్వాత వరండా చివర చినిగిపోయిన ఉన్ని ఆసనం పరుచుకుని కళ్ళు మూసుకుని జపం చేసుకునేది. మొదటి రెండు పూటలూ తిక్కయ్య వైపు చూడలేదు. మూడో పూట ఆసుపత్రి అన్నం ఆయన ముందు అట్లాగే ఆరిపోయి ఉండడం గమనించింది.

"ఏమప్పా, తినలేదు?"

"నాకు రొట్టె అలవాటు తల్లీ. ఇది నోట్లోకి పోదు."

"రొట్టె నాకు రాదు గానీ, చారు పోస్తాను, కలుపుకో" అని పోసింది. ఆ చారు ఘాటు ముక్కుకు తగలగానే తిక్కయ్యకు ఆకలి అనేది ఒకటుందని గుర్తొచ్చింది. ఆ తర్వాత రోజూ పోసేది. పోస్తూ ఏదో ఒకటి అడిగేది. గొర్రెలు రాత్రిపూట నిలబడి పడుకుంటాయా? ఉన్ని ఎప్పుడు తీస్తారు? ఎవరూ తనను అట్లాంటివి అడిగి ఎరగరు కాబట్టి తిక్కయ్య మొదట తడబడ్డాడు. తర్వాత తర్వాత చారు వచ్చే వేళకు చెప్పవలసిన సంగతి ఒకటి సిద్ధం చేసి పెట్టుకునేవాడు.

వాపు దిగింది. ఆపరేషన్ అన్నారు. నర్సు వచ్చి "మీవాళ్ళెవరు?" అంది.

"ఎవురూ రాలేదమ్మా."

"లోపలికి తీసుకెళ్ళినాక బయట ఒక మనిషి ఉండాలి కదా. మందులో, రక్తమో కావాలంటే ఎవర్ని పిలవాల? ఎవర్నన్నా పిలిపించుకో, అప్పుడు చేస్తారు" అని పక్కకు పోయింది. ఆ దినం ఆయన వంతు ఇంకొకరికి పోయింది. ఈశ్వరికి ఫోన్ చేద్దామని నెంబరు దాకా పోయి ఆగిపోయాడు. ఇప్పుడు చెప్తే, మొన్న అబద్ధం ఎందుకాడావని అడుగుతుంది.

మళ్ళీ పిలిచిన పొద్దు నర్సు అదే ప్రశ్న వేసింది. తిక్కయ్య పైకప్పు చూస్తూ పడుకున్నాడు. భర్తకు తల దువ్వుతున్న మీనాక్షమ్మ దువ్వెన పక్కన పెట్టి లేచింది.

"నేనుంటాను."

"మీరు ఈయనకేమవుతారు?"

"తమ్ముడు నాకు. రాసుకో తల్లీ" అని సంతకం పెట్టింది.

నర్సు ఆమె చీరకట్టునూ, తిక్కయ్య గొంగడినీ మార్చి మార్చి చూసింది. కాగితం తీసుకుంది.

లోపల చలిగా ఉంది. కూర్చోబెట్టి, నడుం వంచి, వెన్నులో సూది గుచ్చారు. కాళ్ళల్లోకి వెచ్చగా ఏదో దిగినట్టయింది. ఆ వెచ్చదనంతోపాటు కాళ్ళే లేకుండా పోయాయి. ఎదమీద పచ్చగుడ్డ అడ్డం కట్టారు. అవతల ఏం జరుగుతుందో కనబడదు. మెలకువ మాత్రం ఉంది. ఒకసారి గుడ్డ పైన ఎవరో ఒక కాలు ఎత్తి పట్టుకోవడం కనబడింది. మందు పూసి గోధుమరంగులో, బొటనవేలు పక్కకు వాలి ఉంది. ఎవరిదో పాపం అనుకున్నాడు. మడమ మీద పాత ముల్లు మచ్చ చూశాక తెలిసింది, తనదేనని.

కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది. వడ్రంగి బండి ఇరుసు దిగగొట్టినట్టు, ఆగి ఆగి. ఒక్కొక్క దెబ్బకూ ఒళ్ళంతా తలదాకా అదిరేది, నొప్పి మాత్రం రవ్వంత కూడా లేదు. తన ఎముకలోకి ఇనుము దిగుతోంది, తను వింటా ఉన్నాడు. నొప్పి ఉంటే బాగుండు అనిపించింది. నొప్పి తెలిస్తే ఆ కాలు తనదే అనిపించేది. ఎవరినైనా పిలవాలనిపించింది. పేర్లు వెతుక్కున్నాడు. సుంకమ్మ పేరు నాలుక దాకా వచ్చింది.

తలదగ్గర కూర్చున్న మత్తుడాక్టరు వంగి "ఏం పెద్దాయనా, నొప్పా?" అన్నాడు.

"లేదు సార్."

"మరి కళ్ళల్లో నీళ్ళేంటి?"

"ఏం ల్యా సార్. సలి."

బండి మీద బయటికి తోసుకొచ్చేటప్పుడు తలుపు దగ్గర మీనాక్షమ్మ నిలబడి ఉంది. చేతిలో మందుల సంచీ. పొద్దున కూర్చున్న బెంచీ మీదనుంచి కదలలేదని ఆమె ముఖమే చెప్పింది. "అయిపోయిందప్పా, అంతా బాగా అయిందంట" అంది.

రెండు దినాలకు శ్రీపాదరావును ఇంటికి పంపించారు. పోతూ పోతూ మీనాక్షమ్మ "మంత్రాలయం వస్తే రాప్పా. మఠం వెనక సందులో వంట శ్రీపాదరావు ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు" అంది. మధ్యాహ్నానికి ఆ మంచం మీద ఆటో బోల్తాపడి వచ్చిన ఒకతను మూలుగుతున్నాడు. ఆ పూట తిక్కయ్య చెప్పాలని దాచుకున్న సంగతి, తోడేలు వాసన గొర్రెలు ఎట్లా పసిగడతాయనేది, చెప్పకుండానే మిగిలిపోయింది.

తిక్కయ్యను ఇంటికి పంపేటప్పుడు, నాలుగుకాళ్ళ స్టాండు పట్టుకుని, ఆపరేషన్ కాలు నేలకు తాకించీ తాకించకుండా నడవమన్నారు. ఎవరికోసం నడవాలి? వీధి వీధంతా తాళాలు. సుగ్గికి పోలేని ముసలివాళ్ళు నలుగురు మిగిలారు. ఎదురింటి దేవమ్మ పొద్దుకొక రొట్టె, కారంపొడి పెట్టిపోయేది. ఆమెకు చెవుడు. తిక్కయ్య ఏమన్నా "అవునప్పా, అవును" అనేది. తెల్లారకముందే మెలకువ వచ్చేది, మంద లేపే వేళ. లేచి దొడ్డి గుమ్మం దాకా స్టాండు మీద పోయేవాడు. ఎండిన పెంటికలు, మొండిగోడ, నీళ్ళు లేని తొట్టి. కొన్నాళ్ళకు గొర్రెల వాసన కూడా పోయింది. అది పోయిన పొద్దు ఆయన దొడ్డి దిక్కు పోలేదు.

మిరపచేలల్లో తిక్కయ్య పల్లెవాళ్ళు ఎవరో ఈశ్వరికి సంగతి చెప్పేశారు. ఆమె ఫోన్ చేయలేదు. బస్సులు మారి, ఎర్రబడిన వేళ్ళతో, మిరప ఘాటుకు దగ్గుతూ నేరుగా ఇంట్లోకి వచ్చింది. కాలు చూసింది, మోకాలి కింద కుట్ల గుర్తులు చూసింది.

"రవ్వంత మెలికంటివే!"

తిక్కయ్య పంచె కొసను కాలి మీదికి లాక్కున్నాడు.

"నేనేమన్నా పరాయిదాన్నా? పిలిస్తే రాకపోతానా? నువ్వు పిలవవు. అమ్మున్నప్పుడూ అంతే. దాహమయితే గూడా సెంబు దిక్కు సూస్తావు గానీ నోరు తెర్సి అడగవు" అని ఏడ్చింది. ఏడుస్తూనే ఇల్లూడ్చింది, నీళ్ళు కాచి పోసింది, పిండి విసిరి పెట్టింది. రెండు దినాలుంది. పోయే పొద్దు తిక్కయ్య గుమ్మం దాకా స్టాండు మీద వచ్చాడు. "ఇంకొక దినముండు" అందామనుకున్నాడు. "బస్సు పోతాది, పో" అన్నాడు.

ఎండాకాలం గడిచింది. స్టాండు పోయి కర్ర వచ్చింది. డాక్టరు కొత్త ఫోటో వెలుతురుకు పట్టి చూపించాడు. ఎముకలో తెల్లటి కడ్డీ, విరిగినచోట చుట్టూ మబ్బులా కొత్త ఎముక. "బాగా అతుక్కుంది. కర్ర లేకుండా నడువు" అన్నాడు.

"గుట్టలెక్కొచ్చునా సార్?"

డాక్టరు ఫోటో కింద పెట్టాడు. "ఎముక ఓర్చుకుంటుంది. మోకాలు నొప్పి పెడుతుంది. రోజంతా నడక, రాళ్ళు ఎక్కడం అంటే కష్టం. తగ్గించుకో."

తొలకరి పడ్డాక బసన్న మందతో తిరిగొచ్చాడు. గంటలు వినబడగానే తిక్కయ్య కుంటుకుంటూ ఎదురు పోయాడు. పాత గొర్రెలు కొన్ని ఆయన గొంతు విని తల ఎత్తాయి, రెండు మూడు దగ్గరికి వచ్చాయి. ఆయన లేనప్పుడు పుట్టిన పిల్లలు మాత్రం బెదిరి, బసన్న కాళ్ళ సందుల్లోకి దూరాయి. తిక్కయ్య నవ్వాడు. "నన్నెరగవు ఇవి" అన్నాడు. ఆ నవ్వు చూసి బసన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కొన్ని పొద్దులు మందతో పోయి చూశాడు. గుట్ట మొదటికే మోకాలు సలిపేది. మంద ముందుకు పోయేది, ఆయన వెనకబడేవాడు. ఒకనాటి సాయంత్రం తనే బసన్నను పిలిచాడు.

"నడిసే గొర్రెలన్నిటినీ నువ్వే పెట్టుకో, పిల్లల్లో సగం నాకియ్యి. నడవలేనివి ఉంటాయి గదా, ముసలివి, సూడివి, కుంటివి. అవి నా దగ్గర ఉండనీ. ఊరి సుట్టూ మేపుకుంటాను."

"కుంటివాటితో ఏం సేస్తావన్నా?"

"నేను నడిసినంత దూరమే అవీ నడుస్తాయి."

బసన్నకు ఆ మాట నచ్చింది. ఆ నోటా ఈ నోటా చుట్టుపక్కల గొర్రెలవాళ్ళకూ తెలిసింది. కాలు విరిగిన పిల్లను చంకన పెట్టుకుని ఒకరు, ఈనబోయే గొర్రెను తోలుకుని ఇంకొకరు వచ్చి తిక్కయ్య దొడ్డిలో వదిలి పోవడం మొదలైంది. తొట్టిలో మళ్ళీ నీళ్ళు నిండాయి.

ఉన్ని కత్తిరించే వేళ వచ్చింది. మెత్తటి ఉన్ని ఏరి, నేసేవాళ్ళకిచ్చి చిన్న ఆసనం ఒకటి నేయించాడు. దాన్ని సంచీలో పెట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని, ఎమ్మిగనూరులో బస్సు మారి మంత్రాలయం పోయాడు. దారి పొడవునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాడు. "అక్కా" అని పిలవాలా, "అమ్మా" అని పిలవాలా అన్నదే తేలలేదు.

మఠం వెనక సందులో ఇల్లు చూపించారు. వసారా నిండా చెప్పులు, లోపల చుట్టాల సందడి. మీనాక్షమ్మ బయటికి వచ్చి "ఎవరు కావాలి?" అంది.

"నేనమ్మా. ఆదోని ఆసుపత్రిలో..."

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. తర్వాత ముఖమంతా విప్పారింది. "అయ్యో, గొర్రెలాయన! నిన్ను పడుకున్నప్పుడే చూసినాను గానీ నిలబడినప్పుడు చూడలేదు కదప్పా. ఇంత పొడుగా నువ్వు!" శ్రీపాదరావును కేకేసింది. ఆయన వచ్చి విరిగిన చెయ్యి తిప్పి చూపించి, ఇప్పుడు పెద్ద గిన్నెలు కూడా ఎత్తుతున్నానన్నాడు. వసారాలోనే విస్తరి వేసి, తృప్తిగా భోజనం పెట్టారు. ఆసనం తీసిస్తే మీనాక్షమ్మ దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. "ఎంత మెత్తగా ఉందప్పా! చినిగిపోయిందని నీకెట్లా గుర్తుంది?"

లోపలినుంచి ఎవరో "ఎవరత్తా ఆయన?" అనడిగారు.

"ఆసుపత్రిలో పక్క మంచమాయన. చాలా మంచివాడు, పాపం ఎవరూ లేరు" అంది ఆమె.

తిక్కయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆపరేషన్ పొద్దు నర్సుకు చెప్పిన 'తమ్ముడు' అన్న మాట ఆమెకు గుర్తులేదు. పని జరగడానికి అన్న మాట, పని అయ్యాక మర్చిపోయింది. అందులో తప్పేముంది? ఆయనే దాన్ని ఇన్ని నెలలూ లోపల దాచుకున్నాడు. గుర్తు చెయ్యాలనిపించలేదు. "పోయొస్తానమ్మా" అని లేచాడు. ఆమె వీధి మలుపు దాకా చూస్తూ నిలబడి ఉండడం, వెనక్కి తిరిగినప్పుడు కనబడింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈశ్వరికి ఫోన్ చేశాడు. తనంతట తను చేయడం అదే మొదలు.

"ఏమాయె నాయనా?" అంది ఆమె కంగారుగా.

"ఏం కాలేదు. మంత్రాలయం పోయి వస్తాండా. ఊరికే సేసినా" అన్నాడు. అవతల ఆమె ఏదో గిన్నె దించి పెట్టిన చప్పుడైంది. తర్వాత "తిన్నావా?" అంది. "తిన్నా. పప్పు, చారు, పాయసం. నువ్వు?" అన్నాడు. బస్సు దారిలో మాధవరం దాటేదాకా మాట్లాడుకున్నారు. తర్వాత ఆమెకు పని పడింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. వీధుల్లో తాళాలు పడ్డాయి. బసన్నా, ఇంకొందరూ మందలు కలుపుకుని కృష్ణగిరి దిక్కు బయలుదేరారు. తిక్కయ్య తన నడవలేని గొర్రెలను తోలుకుని ఊరి చివరి కాలువ దాకా వాళ్ళ వెంట పోయాడు. వంతెన మీద మంద సాగిపోతుంటే గట్టు మీద నిలబడ్డాడు. "జాగ్రత్త అన్నా, ఫోన్ సెయ్" అని బసన్న అరిచాడు. చెయ్యి ఎత్తాడు తిక్కయ్య. దుమ్ము పైకి లేచి, గంటల చప్పుడు పలచబడి, చివరికి కాలువ నీళ్ళ చప్పుడే మిగిలింది.

ఒక ముసలి గొర్రె గట్టు దిగలేక నిలబడిపోయింది. తిక్కయ్య మోకాలు పట్టుకుని మెల్లగా దిగి, దాని మెడ కింద చెయ్యేసి నీళ్ళ దాకా నడిపించాడు. అది తాగుతున్నంతసేపూ పక్కన కూర్చున్నాడు.